మేకింగ్ అద్భుతం, మనసుకు మాత్రం ఇబ్బంది: హింసాత్మక సినిమాల మీద ఈ రెండు మాటలు ఎందుకు?

రక్తపాతం నిండిన సినిమా ఒకటి బాగా ఆడుతున్నప్పుడు థియేటర్ బయట పార్కింగ్ దగ్గర వినబడే మాట దాదాపు ఒకటే: “మేకింగ్ అదిరిపోయింది, కానీ...” ఆ ‘కానీ’ తర్వాత చాలామందికి మాట అందదు. ‘ఇంట్లోవాళ్లతో కలిసి చూడలేం’ అనో, ‘మరీ అంత అవసరమా’ అనో ఆపేస్తారు. మర్నాడు అదే మనిషి అదే ఫైట్‌ను ఫోన్‌లో మళ్లీ చూస్తాడు.

ఈ మధ్య కాలంలో ఈ చర్చ అన్నిటికంటే గట్టిగా నడిచింది ‘యానిమల్’ విషయంలో. వరంగల్‌కు చెందిన సందీప్ రెడ్డి వంగా దర్శకత్వంలో, ఆయన ఎడిటింగ్‌లోనే, 2023 డిసెంబర్ 1న ‘ఏ’ సర్టిఫికెట్‌తో వచ్చిన 3 గంటల 21 నిమిషాల సినిమా అది. విడుదలైన నెలలోనే రాజ్యసభలో కాంగ్రెస్ సభ్యురాలు రంజీత్ రంజన్ దాన్ని తప్పుబట్టారు. ఇలాంటి సినిమాలు సమాజానికి రోగం లాంటివన్నారు. 2025 ఆగస్టులో ప్రకటించిన 71వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో అదే సినిమాకు సౌండ్ డిజైన్, నేపథ్య సంగీతం విభాగాల్లో పురస్కారాలు దక్కాయి. ఈ రెంటిలో ఏదో ఒకటి పొరపాటు అని తేల్చేయడం సులువే. అయితే గొడ్డలి దెబ్బ ప్రేక్షకుడి ఛాతీకి తగిలేలా చేసింది ఆ సౌండే. మెచ్చుకున్నవాళ్లు, బాధపడ్డవాళ్లు చాలావరకు ఒకే వస్తువు గురించి మాట్లాడారు.

క్లుప్తంగా: పనితనం వేరు, హింస వేరు అని విడదీసి చూడడం వల్లే ఈ గందరగోళం. హింసను మనసుకు ఎక్కించేదే పనితనం. కాబట్టి తెర మీద ఎంత రక్తం ఉందన్న లెక్క కన్నా, కెమెరా ఎవరి పక్కన నిలబడింది, దెబ్బ పడ్డాక దెబ్బ తిన్నవాడి దగ్గర ఎంతసేపు ఉంది అన్న ప్రశ్నలు ఎక్కువ పనికొస్తాయి. మన సర్టిఫికెట్ విధానం మొదటిదాన్ని కొలవగలదు, రెండోదాన్ని కొలవడం దానికి కష్టం.

కీచకుడి ముద్ద

చూడలేని దాన్ని బాగా చూపిస్తే చూస్తాం అన్న సంగతి కొత్తది కాదు. ఎదురుగా చూస్తే ఒళ్లు జలదరించే వాటిని, శవాలను సైతం, అచ్చుగుద్దినట్టు గీస్తే జనం ఇష్టంగా చూస్తారని అరిస్టాటిల్ ‘పొయెటిక్స్’లో రాశాడు. మన నాట్యశాస్త్రం రౌద్ర, భయానక, బీభత్సాలను శృంగార, హాస్యాల పక్కనే రసాలుగా నిలబెట్టింది. అదే గ్రంథం ఇంకో మాట కూడా అంది: యుద్ధం, మరణం, నగర ముట్టడి వంటివి అంకంలో ప్రత్యక్షంగా చూపకూడదు, అంకాల మధ్య వచ్చే ప్రవేశకం అనే చిన్న ఘట్టంలో పాత్రల మాటలతో తెలియజేయాలి. భాసుడు ‘ఊరుభంగం’లో దుర్యోధనుణ్ణి రంగస్థలం మీదే చనిపోనివ్వడం ఈ కట్టుబాటుకు ఎదురెళ్లిన సందర్భం. గ్రీకు నాటకాల్లోనూ హత్యలు ఎక్కువగా తెర వెనకే జరిగేవి, దూత వచ్చి చెప్పేవాడు. రసం కావాలి, దృశ్యం వద్దు. రెండు వేల ఏళ్ల కిందటి వాళ్లకు కూడా ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలో తేల్చుకోవలసి వచ్చింది.

తెలుగువాళ్లకు బాగా దగ్గరి ఉదాహరణ విరాటపర్వం. వానలు పడకపోతే ఊళ్లల్లో విరాటపర్వం చదివించే ఆచారం ఉంది. ఆ పర్వంలోనే నర్తనశాల చీకట్లో భీముడు కీచకుణ్ణి చంపే ఘట్టం ఉంది. చంపి ఊరుకోడు, కాళ్లూ చేతులూ తలా మొండెంలోకి కుక్కి మాంసపు ముద్ద చేస్తాడు. తెల్లారి బంధువులు చూసేసరికి ఏది చెయ్యో ఏది కాలో తెలియదు. నేల మీదికి లాగిన తాబేలులా ఉన్నాడంటుంది సంస్కృత మూలం. ఈ ఘట్టాన్ని పెద్దలూ పిల్లలూ కలిసి కూర్చుని విన్నారు, వింటున్నారు. కానీ కథ ఆ ముద్ద దగ్గర ఆగిపోదు. కీచకుడి తమ్ముళ్లు ద్రౌపదిని పట్టుకుని, అన్న శవంతో పాటు తగలబెట్టడానికి శ్మశానానికి ఈడ్చుకుపోతారు. ఒక హత్య ఇంకో ప్రమాదాన్ని వెంటబెట్టుకొస్తుంది. పైగా ఇది చెవిన పడే కథ. ఎంత బీభత్సాన్ని ఊహించుకోవాలో వినేవాడి చేతిలోనే ఉంటుంది. సినిమా వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. ఎంత దగ్గరగా, ఎంతసేపు చూడాలో దర్శకుడే నిర్ణయిస్తాడు.

45 సెకన్ల హత్య, ఆ తర్వాతి శుభ్రం

ఆ నిర్ణయం ఎలా పనిచేస్తుందో చూపడానికి హిచ్‌కాక్ ‘సైకో’ (1960)లోని బాత్‌రూమ్ హత్యను మించిన పాఠం దొరకదు. సుమారు 45 సెకన్ల సన్నివేశం. తీయడానికి 7 రోజులు పట్టింది. 78 కెమెరా సెటప్‌లు, 52 కట్‌లు. నలుపు తెలుపు సినిమా కాబట్టి రక్తంగా చాక్లెట్ సిరప్ వాడారు. కత్తిపోటు చప్పుడు కోసం పుచ్చజాతి కాయను పొడిచి రికార్డు చేశారు. ఇంత చేసినా కత్తి ఒంట్లో దిగుతున్నట్టు స్పష్టంగా కనిపించే చోటు దాదాపు లేదు. కత్తి ఒక షాట్, నోరు ఒక షాట్, నీళ్లు ఒక షాట్. మధ్యలో ఉన్న ఖాళీలను ప్రేక్షకుడి మెదడే పూరిస్తుంది. మొదట అక్కడ సంగీతమే వద్దనుకున్న హిచ్‌కాక్, బెర్నార్డ్ హెర్మన్ కేవలం తీగ వాద్యాలతో చేసిన ముక్క విన్నాక మనసు మార్చుకున్నాడు. తెర మీద లేని గాయాన్ని ఆ వయొలిన్ల కీచు చేసింది.

అందరూ చెప్పుకునేది ఇంతవరకే. అసలు పనితనం తర్వాత ఉంది. హత్య ముగిశాక కెమెరా ఆ బాత్‌రూమ్‌ను వదలదు. ఆ మోటెల్ నడిపే కుర్రవాడు బకెట్, తుడుపుకర్ర తెచ్చి నేల కడుగుతాడు, శవాన్ని కర్టెన్‌లో చుడతాడు, కారు డిక్కీలో వేస్తాడు, కారును బురదగుంటలోకి తోస్తాడు. చంపడానికి ముప్పావు నిమిషం, సర్దడానికి ఎన్నో నిమిషాలు. కారు సగం మునిగి ఒక్క క్షణం ఆగిపోతుంది. అప్పుడు హాల్లో ప్రేక్షకుడికి టెన్షన్ పుడుతుంది: అయ్యో, మునగదా? కాసేపటి క్రితం చనిపోయిన అమ్మాయి పక్షాన ఉన్న మనసు ఇప్పుడు సాక్ష్యం దాచేవాడి పక్షాన చేరిపోయింది. ఎవరూ బలవంతం చేయలేదు, ఎవరూ వాదించి ఒప్పించలేదు. అతని ముఖం, ఆగిన కారు, మళ్లీ అతని ముఖం, అంతే. మంచి సినిమా చూసి ఇబ్బంది పడడం అంటే చాలాసార్లు ఇదే. తెర మీద కనిపించినదాని కన్నా, తెర మన చేత ఏం కోరుకునేలా చేసిందో తెలుసుకున్నప్పుడు కలిగే ఇబ్బంది.

దీనికి శరీరం వైపు నుంచి ఒక వివరణ ఉంది. మీడియా మనస్తత్వ పరిశోధకుడు డాల్ఫ్ జిల్మన్ చెప్పిన ప్రకారం ఒక సన్నివేశం పుట్టించిన ఉద్రేకం సన్నివేశం మారగానే దిగిపోదు. గుండె వేగం, బిగిసిన కండరాలు కాసేపు అలాగే ఉంటాయి, తర్వాత వచ్చే భావానికి ఆ బలం తోడవుతుంది. భయం మిగిల్చిన ఊపు విజయానందంలో కలిసి దాన్ని రెట్టింపు చేస్తుంది. మన కమర్షియల్ సినిమాలో విలన్ అరగంట పాటు అవమానించి అవమానించి, హీరో మొదటి దెబ్బ కొట్టగానే హాలంతా విజిల్స్ పడడం వెనక ఉన్నది ఈ లెక్కే. శరీరం చల్లబడి ఆలోచన తీరిగ్గా మొదలయ్యేసరికి ప్రేక్షకుడు పార్కింగ్‌లో ఉంటాడు. ‘కానీ’ అన్న మాట అక్కడ వినబడడానికి ఇది ఒక కారణం.

సైకిల్ చైన్

తెలుగులో ఈ విషయం మాట్లాడితే ‘శివ’ను దాటి పోలేం. 1989 అక్టోబర్ 5న వచ్చిన రామ్‌గోపాల్ వర్మ తొలి సినిమా. అప్పటిదాకా ఫైట్ అంటే చాలావరకు గాల్లో లేచే మనుషులు, ‘డిష్యుం’ చప్పుళ్లు. కాలేజీలో శివ తన సైకిల్ దగ్గర వంగి, చైన్ లాగి, పిడికిలికి చుట్టుకోగానే ఆ లెక్క మారిపోయింది. కొత్తదనం రక్తంలో లేదు, వస్తువులో ఉంది. రాజుల కత్తి కాదు, పోలీసు తుపాకీ కాదు. హాల్లో కూర్చున్న కుర్రాళ్లలో సగం మంది థియేటర్‌కు తొక్కుకుంటూ వచ్చిన సైకిల్‌కే ఉన్న వస్తువు. హింస ఇంటి వాకిట్లోకి వచ్చేసింది. సైకిల్ చైన్ అనే మాటకు తెలుగులో ఆ తర్వాత ఇంకో అర్థం స్థిరపడింది.

చైన్ దగ్గర కెమెరా పూర్తిగా శివ పక్షం. ఆ దెబ్బ న్యాయంగానే కాదు, అందంగా కూడా కనిపిస్తుంది. కానీ సినిమా అక్కడితో అయిపోలేదు. శివను, సైకిల్ ముందు కూర్చున్న అన్నకూతుర్ని రౌడీలు కారులో సందుల వెంట తరిమే ఘట్టం ఉంది. అక్కడ హీరో కొట్టడు, పారిపోతాడు. చివరికి ఆ చిన్నపిల్లే చనిపోతుంది. చైన్ తెంపిన రోజు మొదలైన లెక్క ఆ ఇంటికే వచ్చి చేరింది. కాబట్టి ‘శివ’ రౌడీయిజాన్ని గొప్పగా చూపిందా, దాని ఖరీదు చూపిందా అంటే రెండూ చేసింది. గుర్తుండిపోయింది మాత్రం మొదటిది. దెబ్బ క్షణంలో పడుతుంది కాబట్టి జ్ఞాపకంలో ఒక బొమ్మగా నిలుస్తుంది. ఖరీదు రెండు గంటల మీద పరుచుకుని ఉంటుంది, దానికి ఒక్క బొమ్మ దొరకదు. హింసకు వ్యతిరేకంగా సినిమా తీయాలనుకునే ప్రతి దర్శకుడికీ అడ్డం వచ్చే సమస్య ఇదే.

కొప్పోలా ‘అపోకలిప్స్ నౌ’ (1979) యుద్ధోన్మాదాన్ని చూపిన సినిమా. వాగ్నర్ సంగీతం మోగించుకుంటూ అమెరికన్ హెలికాప్టర్లు వియత్నాం పల్లె మీద పడే ఘట్టం దాని గుండెకాయ. గల్ఫ్ యుద్ధానికి వెళ్లే ముందు తమ బృందం ఇలాంటి వియత్నాం సినిమాలు పెట్టుకుని ఊపు తెచ్చుకుందని ఆంథొనీ స్వాఫర్డ్ అనే మెరైన్ తన జ్ఞాపకాల్లో రాశాడు. దర్శకుడి ఉద్దేశం ఒకటి. అంత అందంగా తీసిన షాట్‌లు వాళ్ల మీద చేసిన పని ఇంకొకటి.

పనితనమే ప్రమాదమైన చోటు

పనితనం ఎటూ మొగ్గదు, కథలోనే మంచీ చెడూ ఉంటాయి అనేవారికి ఎదురుగా నిలిచేది అమెరికన్ దర్శకుడు గ్రిఫిత్ తీసిన ‘ద బర్త్ ఆఫ్ ఎ నేషన్’ (1915). సుమారు 3 గంటల మూకీ చిత్రం. ప్రమాదంలో ఉన్నవాళ్లు ఒక షాట్‌లో, కాపాడడానికి గుర్రాల మీద దూసుకొస్తున్నవాళ్లు మరో షాట్‌లో, ఆ రెంటినీ మారుస్తూ వేగం పెంచుతూ పోయే క్రాస్ కటింగ్‌ను అంత భారీగా, అంత పట్టుతో వాడిన తొలి సినిమాల్లో అదొకటి. ఇవాళ ఏ తెలుగు సినిమా క్లైమాక్స్‌లో హీరో సమయానికి వస్తాడా రాడా అని గుండె కొట్టుకున్నా అందులో గ్రిఫిత్ వాటా ఉంది. అయితే ఆ సినిమాలో కాపాడడానికి వస్తున్నది తెల్లజాతి ఆధిపత్యం కోసం దౌర్జన్యాలు చేసిన కూ క్లక్స్ క్లాన్ ముఠా, విలన్లు నల్లజాతివాళ్లు. ‘త్వరగా రండి’ అని ప్రేక్షకుడి మనసు పిలిచేది ఆ ముసుగుల మూకనే. నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ అప్పుడే పలు నగరాల్లో నిరసనలు చేసింది. చచ్చిపోయిన క్లాన్ అదే ఏడాది జార్జియాలో మళ్లీ పుట్టింది, తర్వాత దశాబ్దాల పాటు కొత్తవాళ్లను చేర్చుకోవడానికి ఈ సినిమానే వాడుకుంది. 1992లో అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో దాన్ని చేర్చారు. దాచిపెడితే ఎడిటింగ్ చరిత్ర ఒక్కటే కాదు, ఎడిటింగ్ ఎంత కీడు చేయగలదో చెప్పే చరిత్ర కూడా పోతుంది.

ఇదే సినిమా నాసిరకంగా తీసి ఉంటే అంత కీడు చేసేది కాదు. అందుకే ‘కనీసం మేకింగ్ బాగుంది కదా’ అనే సమర్థన బలహీనమైనది. మేకింగ్ బాగుంటే ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలి.

సీమ మీద పడ్డ మరక

సినిమా హింస వల్ల వచ్చే నష్టం అనగానే చూసినవాడు వెళ్లి అలాగే చేస్తాడా అన్న చర్చ మొదలవుతుంది. 1961లో ఆల్బర్ట్ బండూరా ‘బోబో’ బొమ్మ ప్రయోగంలో, పెద్దలు బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు తామూ కొట్టారని తేలింది. తర్వాత దృశ్యాన్ని ఫిల్మ్ మీద చూపినా అదే జరిగింది. అయితే ప్రయోగశాలలో బొమ్మను కొట్టడానికి, వీధిలో మనిషిని కొట్టడానికి మధ్య చాలా దూరం ఉంది. ఈ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. మీడియా పరిశోధకుడు జార్జ్ గెర్బ్‌నర్ చెప్పింది వేరే రకం ప్రభావం: తెర మీద హింసను ఏళ్ల తరబడి చూసేవారు నేరం చేయకపోవచ్చు గానీ, లోకం ఉన్నదానికన్నా భయంకరమైనదని నమ్మడం మొదలుపెడతారు.

తెలుగునాట ఈ రెండో రకం ప్రభావం ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే రాయలసీమవాళ్లను అడగాలి. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘నరసింహనాయుడు’ (2001), ‘ఆది’ (2002), ‘ఇంద్ర’ (2002) వరసగా పెద్ద హిట్లయ్యాయి. సుమోల బారు, వేటకొడవళ్లు, నాటుబాంబులు, తొడగొట్టడం, ఇవన్నీ ఒక భాషగా స్థిరపడ్డాయి. సీమలో ఫ్యాక్షన్ ఉండేది, అబద్ధం కాదు. కొన్ని ప్రాంతాల్లో, కొన్ని కుటుంబాల మధ్య, దశాబ్దాల పాటు ప్రాణాలు పోయాయి. కానీ కరువు, వలస, వేరుశనగ రైతు అప్పు, బోరు ఎండిన పొలం కూడా అక్కడివే. వాటికి ఎలివేషన్ షాట్ లేదు. సుమో ఎగిరితే బాగుంటుంది కాబట్టి సుమోనే మిగిలింది. కడప, కర్నూలు కుర్రాడు హైదరాబాద్ హాస్టల్లో చేరితే మొదటి రోజే “బాంబులు తెచ్చావా?” అని అడగడం ఒక తరం పాటు మామూలు జోక్ అయింది. ఆ జోక్ భరించినవాళ్లకు అది జోక్ కాదు. సీమ రచయితలు ఈ మాట ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు.

2018లో వచ్చిన త్రివిక్రమ్ ‘అరవింద సమేత వీర రాఘవ’ ఈ చిక్కును నేరుగా పట్టుకుంది. మొదట్లోనే తండ్రి హత్య, వెంటనే కొడుకు చేసే భీకరమైన నరుకుడు. ఆ తర్వాత మిగతా సినిమా అంతా, నాయనమ్మ మాటతో మొదలై, కత్తి దించడం ఎలా అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. మొగుడి కోసం ఎదురుచూసే ఆడదాని గోడుకు ‘పెనివిటి’ పాట చోటిచ్చింది. ఫ్యాక్షన్ సినిమాల్లో అరుదుగా వినబడిన గొంతు అది. అయినా శాంతి గురించి చెప్పాలన్నా ముందు ఒక గొప్ప ఫైట్ పెట్టక తప్పలేదు. టికెట్ కొనేవాళ్లలో చాలామంది దాని కోసమే వస్తారని నిర్మాణ లెక్కలకు తెలుసు. ఆ ఫైట్ ఎంత బాగా కుదిరిందంటే, దాన్ని కాదనడానికి తర్వాతి రెండు గంటలూ కష్టపడవలసి వచ్చింది.

సర్టిఫికెట్ ఏం కొలుస్తుంది?

మన దగ్గర సినిమాలకు అనుమతి 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద వస్తుంది. ముందస్తు సెన్సార్ రాజ్యాంగబద్ధమేనని 1970లో కె.ఎ. అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏది అశ్లీలం, ఏది కళ అన్నది గుడ్డిగా కాకుండా విచక్షణతో చూడాలని కూడా ఆ తీర్పే చెప్పింది. యూ, ఏ మధ్యన యూ/ఏ 1983లో వచ్చింది. 2023 సవరణ దాన్ని యూఏ 7+, 13+, 16+ అని మూడుగా విడదీసింది. ‘ఏ’ వచ్చిన సినిమా టీవీలో రావాలంటే మళ్లీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మలయాళ యాక్షన్ సినిమా ‘మార్కో’కు 2025లో ఈ మార్పు దొరకలేదు.

వయసు వారీగా విడదీయడం తల్లిదండ్రులకు ఉపయోగమే. అయితే బోర్డు చేతిలో ఉన్న పనిముట్లు కత్తిరింపు, మసక, మ్యూట్, వయసు ముద్ర. తల తెగే షాట్‌ను ఇన్ని సెకన్లు తగ్గించమని చెప్పవచ్చు. దెబ్బ పడ్డాక ఏడ్చేవాళ్ల దగ్గర ఇంకో నిమిషం ఉండమని చెప్పలేదు. కొన్నిసార్లు కత్తిరింపు వల్ల హింస తేలికవుతుంది కూడా: నొప్పి కనిపించే షాట్ పోయి, కొట్టే షాట్ మిగులుతుంది.

న్యాయస్థానం ఈ తేడాను ఒకసారి చాలా స్పష్టంగా పట్టుకుంది. ఫూలన్ దేవి కథతో శేఖర్ కపూర్ తీసిన ‘బాండిట్ క్వీన్’ (1994)లో అత్యాచారం, ఊరి మధ్య వివస్త్రను చేసి నడిపించడం ఉన్నాయి. ఆ దృశ్యాలు చూసేవాడిలో కోరిక పుట్టించవని, ఆమె మీద జాలి, చేసినవాళ్ల మీద అసహ్యం పుట్టిస్తాయని 1996లో సుప్రీంకోర్టు అంది. సినిమాను ముక్కలుగా కాకుండా మొత్తంగా చూసి తీర్పు చెప్పాలంది. అంటే కెమెరా ఎవరి పక్కన ఉందో కోర్టు చూసింది.

ఈ ‘మొత్తంగా’ అన్న సూత్రానికి ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. థియేటర్‌లో మూడు గంటలు కూర్చున్నవాళ్ల కంటే రీల్స్‌లో ముప్పై సెకన్లు చూసేవాళ్లు ఎక్కువ. రీల్‌కు వయసు ముద్ర లేదు, ముందూ వెనకా లేదు. ‘యానిమల్’ నుంచి బయటికొచ్చి తిరుగుతున్నది కారిడార్ ఫైట్, దాని పాట. ఆ కొడుక్కూ తండ్రికీ మధ్య ఉన్న రోగం ఏమిటో అందులో ఉండదు. ‘శివ’ నుంచి తిరుగుతున్నది వంగిన భుజం, తెగిన చైన్, పిడికిలి. సైకిల్ ముందు కూర్చున్న పిల్ల ఆ క్లిప్‌లో లేదు.